వెల కట్టిన సేవ

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక తెలుగు అక్షరము ఆపిల్ సంస్థవారి ఫోనులను కలవరపెట్టినది. జ్ఞానము అను పదమునకు మొదటిదైన 'జ్ఞా' అను అక్షరమును, నడుమ కంటికి కనబడని ఒక చిహ్నముతో కలిపి సందేశముగా పంపినచో, దానిని తెరచినవాని ఫోనులో సందేశములు చూపు సాధనము మూతపడి, మరల తెరచుకొనకుండెడిది. జ్ఞానభారమును యంత్రము మోయలేకపోయినదని నవ్వుకొనవచ్చును గాని, దోషము అక్షరమునది కాదు, దానిని తెరమీద చిత్రించు ఆజ్ఞల కూర్పునది. ఆ సంస్థకు ధనము కలదు, జీతములు తీసుకొను నిపుణులు కలరు. ఫిబ్రవరి 19వ తేదీనాటికి సవరణ వెలువడినది.

అట్టి దోషమే యజమాని లేని కూర్పులో వచ్చినచో దానిని దిద్దువారెవరు? యజమాని లేని కూర్పులు కలవా యని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కలవు, విస్తారముగా కలవు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమము, 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, వాని వెనుక వచ్చిన వేలకొలది కూర్పులు ఎవరైనను చదువదగినవి, దిద్దదగినవి, పంచుకొనదగినవి. వీనినే ఓపెన్ సోర్స్ అనుచున్నారు. తెలుగువారికి వీనితో సంబంధము చిన్నది కాదు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమందు చదువుకొను తెలుగు విద్యార్థులు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాసి దానిని తెలుగు లిపిలోనికి మార్చు పద్ధతిని కూర్చి, వెల లేకుండ అందరికి ఇచ్చిరి. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను నేటికిని జీతము లేని చేతులే వ్రాయుచున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఇట్టి కూర్పులను తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడుచున్నారు.

ఇట్టి చోట దోషము బయటపడినపుడు దానిని దిద్దుటకు ఎవరికి తీరిక కలదో వారు దిద్దుదురు. లేనిచో అది అట్లే యుండును. కొన్ని దోషములు ఏండ్ల తరబడి యుండును. అపుడు ఒకరు ముందుకు వచ్చి, ఈ దోషమును సవరించినవానికి ఇంత ధనమిత్తునని ప్రకటించును. దానికి బౌంటీ యని పేరు. చూచుటకు ఇందులో తప్పేమియు లేదు. పని జరుగును, చేసినవానికి కూలి దొరకును. అయినను ఈ చిన్న ఏర్పాటు అనేక సేవాసంఘములలో కలతలు రేపినది. ఉచితముగా చేయు పది మంది నడుమ ఒకనికి మాత్రము వెల కట్టవచ్చునా? కట్టినచో ఆ పని స్వభావమే మారునా? ఈ ప్రశ్న యంత్రములకంటె ప్రాచీనమైనది. కనిగిరి సీమలో కంప్యూటరు పేరు వినని వృద్ధులును దీనిని వేరొక రూపమున ఎరుగుదురు.

కనిగిరి, పామూరు, పొదిలి ప్రాంతములు వాన కరవైన మెట్టసీమ. ఇచ్చట చెరువే ఊరికి ప్రాణము. ఇంకను పడమటికి పోయినచో కంభము చెరువు కలదు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ చెరువు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు పొందినది. అంత పెద్దది కాకున్నను ప్రతి ఊరి చెరువునకు కట్ట, తూము, అలుగు ఉండును. వానిని కాచుకొనవలసిన బాధ్యతయు ఉండును. కనిగిరి నెల్లూరు జిల్లాలో నుండిన దినములలో, అనగా 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడుటకు పూర్వము, మదరాసు ప్రభుత్వపు కాగితములలో దీనికి కుడిమరమ్మతు అని పేరు. వానలకు ముందు ఊరివారు గంపలు, పారలు తీసుకొని కట్టకు మన్ను పోయుదురు, కాలువ పూడిక తీయుదురు. కూలి లేదు. నీరు అందరిది గనుక పనియు అందరిది.

అయితే ఊరిలో ఒకనికి మాత్రము ప్రతిఫలము ఉండెడిది. అతడు నీరుగంటి. రాత్రియనక పగలనక కట్టమీద తిరుగుచు, ఎలుక బొరియలు చూచి మూయుచు, తూము ఎత్తుచు దించుచు, ఎవరి మడికి ఎంత నీరో పంచువాడు. కళ్ళములో ధాన్యము కొలుచునపుడు అతనికి మేర కొలిచి ఇచ్చెడివారు. తక్కిన వారు ఉచితముగా మన్ను మోయుచుండగా నీరుగంటికేల మేర యని ఎవరును అసూయపడలేదు. అతని పని ఏడాది పొడుగునది. అతనికి వేరొక సేద్యమునకు తీరిక లేదు.

ఆ ఊరిపెద్దలు మేరకు బదులుగా, కట్టకు గండి పడినపుడెల్ల పూడ్చినవానికి ఇన్ని రూపాయలని చాటించి యున్నచో ఏమి జరిగి యుండును? బొరియను బొరియగా నున్నపుడే మూయుట దండుగ యగును. గండి యైనదాక ఆగినవానికి లాభము. గండి ఎవడు ముందు చూచెనని వాదము పుట్టును. మరుసటి వేసవిలో మన్ను మోయుటకు పిలిచినపుడు, గండికి డబ్బిచ్చువారు మంటికేల ఇయ్యరని ఒకడైనను అడుగును. అడిగినవానిని తప్పుపట్టుటకును వీలులేదు.

ఇది ఊహమాత్రము కాదు. 1902లో ఫ్రెంచివారి పాలనలోని హనోయ్ నగరమున ఎలుకల బాధ పోగొట్టుటకు తోకకు ఇంత యని ప్రకటించిరి. తోకలు కుప్పలుగా వచ్చినవి. తోకలేని ఎలుకలు వీధులలో తిరుగుచుండుట తరువాత కనబడినది. తోక కోసి విడిచినచో అది మరల పిల్లలను పెట్టును, పిల్లలకు తోకలుండును. కూర్పుల లోకమున దీనికి సమీపమైన కథ కర్ల్ అను సాధనమునది. స్వీడనుకు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ నాయకత్వమున నడచు ఈ కూర్పు కోట్లకొలది యంత్రములలో కలదు. భద్రతాదోషములను చూపినవారికి 2019 నుండి ధనమిచ్చుచు వచ్చిరి. కొంతకాలము మేలే జరిగినది. నిజమైన దోషములు అనేకము బయటపడినవి. తరువాత కృత్రిమ మేధ వచ్చినది. కూర్పును చదువకయే, యంత్రముచే వ్రాయించిన అబద్ధపు నివేదికలను ధనాశతో పంపువారు పెరిగిరి. ఒక్కొక్క నివేదిక నిజమో కాదో తేల్చుటకు కొద్దిమంది సంరక్షకుల గంటలు వ్యయమైనవి. తుదకు 2026 జనవరి ముగియునప్పటికి ఆ బౌంటీని మూసివేసిరి. గమనింపవలసినది ఏమనగా, ధనము పంపినవానికి, శ్రమ చదివినవానికి. చదివినవానికి బౌంటీ లేదు.

ఇంతకంటె సూక్ష్మమైన కథ డెబియన్ సంఘమునది. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్, వేయి మందికి పైగా స్వచ్ఛంద సేవకులు దేశదేశముల నుండి కూర్చు లినక్స్ రూపము. 2006లో దాని కొత్త విడుదల, ఎచ్ అను పేరుగలది, డిసెంబరు 4 నాటికి వెలువడవలెనని అనుకొనిరి. పని సకాలమున ముగియుటకై, సంఘనాయకునితో సహా కొందరు సంఘము వెలుపల డంక్-ట్యాంక్ అను ఏర్పాటు చేసి, విరాళములు కూర్చి, ఇద్దరు విడుదల నిర్వాహకులకు ఒక్కొక్క నెల పూర్తికాలము పనిచేయుటకు ధనమిచ్చిరి. ఇచ్చినది కొద్ది మొత్తము. తీసుకొన్నవారు ఉత్తములు, అప్పటికే ఏండ్ల తరబడి ఉచితముగా పాటుపడినవారు. అయినను సంఘము రెండుగా చీలినంత పని జరిగెను. నాయకుని తొలగింపవలెనని తీర్మానము పెట్టిరి, అది ఓడిపోయినది. కొందరు తమ పనిని తగ్గించుకొనిరి. డంక్-ట్యాంకును వెక్కిరించుచు, దోషములను మరింతగా వెదకి చూపుటకని డంక్-బ్యాంక్ అను పేరుతో వేరొకటి వెలసినది. విడుదల 2007 ఏప్రిల్ 8వ తేదీన, అనుకొన్న గడువునకు నాలుగు మాసములు దాటి జరిగినది. ఆలస్యమునకు ధనమే కారణమని చెప్పుట న్యాయము కాదు. డెబియన్ విడుదలలు అంతకు ముందును ఆలస్యమైనవే. గడువును దగ్గర చేయుటకు తెచ్చిన ధనము దానిని దగ్గర చేయలేదని మాత్రము చెప్పవచ్చును.

ఎందుకిట్లు జరిగినది? ఈర్ష్య యని కొట్టివేయుట సులభము. మఠములో జాతరనాటి దాసోహమును తలచుకొనిన విషయము తేటపడును. గాడిపొయ్యి వద్ద వంటమేస్త్రి జీతమునకు వచ్చినవాడు. కూరగాయలు తరుగు స్త్రీలు, విస్తళ్ళు వేయు బాలురు, వడ్డించు పెద్దలు భక్తితో వచ్చినవారు. వంటమేస్త్రికి ఎంత ఇచ్చిరని తరుగుచున్నవారు విచారింపరు. కాని వడ్డించు ఇరువది మందిలో ఒకనిని పిలిచి, నీవు చురుకైనవాడవు, పంక్తికి నూరు రూపాయలిత్తుమని చెప్పినచో, తక్కిన పందొమ్మిది మంది చేతులలోని గరిటెలు బరువెక్కును. వారికి నూరు రూపాయలు కావలెనని కాదు. అంతవరకు వారు చేసినది దాసోహము. ఆ మాటతో అది జీతము లేని వడ్డన యైనది. వారి చేతిలోని వస్తువునకు పేరు మార్చినది ధనము.

ఇజ్రాయెల్ దేశపు హైఫా నగరమున జరిగిన ఒక పరిశోధన ఫలితమును 2000లో ప్రకటించిరి. శిశువిహారములకు పిల్లలను తీసుకొనిపోవుటకు ఆలస్యముగా వచ్చు తల్లిదండ్రులకు జరిమానా పెట్టగా, ఆలస్యముగా వచ్చువారు తగ్గుటకు మారు పెరిగిరి. జరిమానా ఎత్తివేసిన తరువాతను తగ్గలేదు. మొగమాటముండిన చోటికి వెల వచ్చినది. వెల పోయినను మొగమాటము తిరిగి రాలేదు. బౌంటీ పెట్టదలచువారు ఈ రెండవ సంగతిని మరువరాదు. పెట్టి చూతము, కుదరకున్న తీసివేయుదమనుట అంత తేలిక కాదు.

ఇంతవరకు చదివినవారు, శరణుల మార్గము ఉచితసేవ గనుక బౌంటీ తగదని వ్యాస సారమని తలచవచ్చును. అది పొరపాటు. కాయకమునకు ఉచితసేవ యని అర్థము చెప్పువారు కాయకమును సగమే చదివినవారు. శరణులు ప్రతిఫలము లేకుండ పనిచేసినవారు కారు. పడవ నడిపి కూలి తీసుకొనిరి, చెప్పులు కుట్టి వెల తీసుకొనిరి, కట్టెలు అమ్మిరి. బసవేశ్వరుడే బిజ్జలుని కొలువున భాండాగారమును చూచి జీతముతో బ్రతికినవాడు. కాయకము చేసి న్యాయముగా పొందినదానిలో నుండి ఇచ్చునది దాసోహము. పొందుట లేకున్న ఇచ్చుట ఎక్కడిది?

వారు విచారించిన ప్రశ్న వేరు. ఎంత? ఆయ్దక్కి మారయ్య కల్యాణములో నేలరాలిన బియ్యము ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చినపుడు భార్య లక్కమ్మ అది ఆశ యని మందలించి, అధికమైనదానిని ఎక్కడిదక్కడ పోసి రమ్మని పంపెను. నులియ చందయ్య కథ మరియు విచిత్రమైనది. అతడు గడ్డి కోసి త్రాళ్ళు పేని అమ్మి దాసోహము చేయువాడు. అతని త్రాటిని లింగమూర్తియే అమ్మబోగా బసవేశ్వరుడు వేయి వరహాలిచ్చెనని, త్రాటికి తగిన వెల తప్ప తనకు వలదని చందయ్య ఆగ్రహించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఇచ్చినవాడు బసవేశ్వరుడు, తెచ్చినది సాక్షాత్తు లింగము. అయినను చందయ్యకు సమ్మతము కాలేదు. త్రాటి వెల త్రాటికి సంబంధించినది. వేయి వరహాలు త్రాటికి సంబంధించినవి కావు. ఆ ధనము చేతికి వచ్చిన మరునాడు గడ్డి కోయుటకు అతడు పోవునది దేనికొరకు?

కూలికిని బౌంటీకిని భేదము ఇచ్చట కనబడుచున్నది. కూలి చేసిన పనిని, చేసినవాని అవసరమును చూచును. బౌంటీ రంధ్రమును చూచును. ఆ రంధ్రము ఇచ్చువానికి ఎంత బాధ కలిగించుచున్నదో చూచును. ఒక దోషమును ధనవంతుడొకడు ఎదుర్కొన్నచో దానికి పెద్ద వెల, పల్లెబడి ఉపాధ్యాయుడు ఎదుర్కొన్నచో దానికి సున్న. తెలుగు గుణింతము తప్పుగా కనబడు దోషమునకు వెల కట్టువారెవరు? బౌంటీలు ప్రబలిన చోట చేతులు ధనమున్న దోషముల వైపు జరుగును, లేని దోషములు అట్లే మిగులును. చిన్న భాషలకు ఇది నిజమైన భయము.

ధనమిచ్చియు చెడుపు కలుగని ఉదాహరణమొకటి కలదు. గణితగ్రంథముల ముద్రణకు టెక్ అను కూర్పును నిర్మించిన డొనాల్డ్ క్నూత్ ఆచార్యుడు, తన గ్రంథములలో తప్పు చూపినవానికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపెడివాడు. 256 అను సంఖ్య కంప్యూటరు గణితమున పూర్ణసంఖ్య వంటిది. పొందినవారిలో ననేకులు దానిని బ్యాంకునకు తీసుకొనిపోక పటము కట్టించి గోడకు తగిలించుకొనిరి. చెక్కుల మోసములు పెరిగిన పిదప, 2008 నుండి కల్పిత బ్యాంకు పేర యోగ్యతాపత్రమునే పంపుచున్నాడు. దానికొరకును జనులు తప్పులు వెదకుచునే యున్నారు. తప్పు చేసినవాడే తప్పు ఒప్పుకొని తన జేబు నుండి ఇచ్చినది అది. శాలువ కప్పుట వంటిది. శాలువ ఎంత ఖరీదని అడుగువాడుండడు.

అట్లని జీతము మాట ఎత్తినవారినెల్ల ఆశపరులని నిందించుట కుడిమరమ్మతు చరిత్రను మరచుటయే యగును. ఊరందరు మన్ను మోసిరని పైన వ్రాయబడినది. నిజమునకు పలుచోట్ల మోసినవారు భూమి లేని దళితులు, నీరు పారినది పెద్దరైతుల మళ్ళకు. 1858లో మదరాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టము చేసి, గండి పడు ప్రమాదమున్నపుడు శ్రమను బలవంతముగా తీసుకొనుటకు అధికారము కల్పించినది. సేవ యని పైకి పిలిచినది లోన వెట్టి కావచ్చును. నేడును కోట్లు గడించు సంస్థలు ఉచితపు కూర్పులమీద తమ వ్యాపారములను నిలుపుకొని, వానిని కాచువారికి ప్రశంసావాక్యములు పంపుచున్నవి. ప్రశంస మంచిదే, దానితో ఇంటి అద్దె కట్టవీలుకాదు.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అను దోషము లోకమునకు తెలిసినది. బ్యాంకుల మొదలు ప్రభుత్వముల వరకు రహస్యములను కాపాడుకొనుటకు వాడు ఓపెన్ఎస్ఎస్ఎల్ అను కూర్పులో అది రెండేండ్లుగా దాగి యుండెను. అంతటి కూర్పునకు ఏటికి వచ్చు విరాళములు సుమారు 2,000 డాలర్లు; పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. కట్ట కాచువానికి మేర లేదు. గండి పడిన పిదప పెద్ద సంస్థలు కూడబలుకుకొని నిధి నేర్పరచి ఇద్దరికి పూర్తికాలపు జీతము సమకూర్చినవి. డెబియనులో కలతకు కారణమైన ధనము ఇచ్చట ఎవరిని కలవరపెట్టలేదు. ఇద్దరికే ఇచ్చిరి గదా యని అనవచ్చును. కాని ఇది గడువు దాటించుటకు ఒక నెలపాటు ఇచ్చినది కాదు, కాపలాకు ఇచ్చినది. బహుశః అంతటి భయము తరువాత మాటలాడు ధైర్యము ఎవరికిని లేకపోయి యుండవచ్చును గూడ.

హార్ట్‌బ్లీడును కనుగొన్నవారిలో నీల్ మెహతా యను గూగుల్ ఉద్యోగి ఒకరు. ఆయనకు 15,000 డాలర్ల బౌంటీ వచ్చినది. నాటి మారకమున సుమారు 9 లక్షల రూపాయలు. ఆయన దానిని పత్రికా స్వాతంత్ర్యమునకు పాటుపడు ఒక సంస్థకు ఇచ్చివేసెను. లక్కమ్మ చూచి యున్నచో సంతోషించెడిది. అయితే ఆయనకు జీతము కలదు. అదే ధనము కనిగిరి మెట్టపొలములో బోరు ఎండి, అప్పుతో కుమారుని ఇంజనీరింగు చదివించిన ఇంటికి వచ్చినచో? ఆ బాలుడు ఆరు మాసములు ఉచితముగా కూర్పులు దిద్దుచు పేరు తెచ్చుకొనుటకు తీరిక లేనివాడు. తీరిక కూడ ఒక ఆస్తియే. గూగుల్ సంస్థ 2005 నుండి వేసవి పనికి విద్యార్థులకు ఇచ్చుచున్న భృతి అట్టివారికి ద్వారము తెరచినది; భారతదేశపు విద్యార్థులు దానిని విరివిగా ఉపయోగించుకొనిరి. అది దోషమునకు ఇంత యని కాక, ఒక మార్గదర్శి కింద కొన్ని వారముల పనికి ఇచ్చునది. ఆ బాలునికి బౌంటీ దొరికినను తీసుకొనవలదని చెప్పు అధికారము, తీరిక గలవారికి లేదు. మారయ్య ఇంట అధికమైనదేదో తేల్చినది లక్కమ్మ. కల్యాణపు మహామనెలో కూర్చున్నవారు కారు.